నేను వేయని బొబ్బలు

అగ్నిప్రమాదం సీన్లకు ఫిల్మ్ నగర్‌లో నన్ను మించిన మేకప్‌మ్యాన్ లేడు. సరే, ఉన్నారు, జూనియర్ ఆర్టిస్టులకు మసి పూయడం వరకే నా పని.

వాళ్లలో ఒకావిడ ఎప్పుడూ తన చేతులు ఊదుకుంటూ ఉండేది. ఆ చేతులు చూసి డైరెక్టర్, "బొబ్బలు అదరగొట్టావు తాతా!" అన్నాడు. నేను మీసం దువ్వాను. అవి నిజం బొబ్బలు.

"చెప్పకు బాబాయ్, వేషం పోద్ది," అందామె మెల్లగా. "పెంఫిగస్ అనే చర్మం జబ్బంట. ఒంట్లో కబుర్లు మోసే సైటోకైన్లు రక్షణ కణాల్ని నా చర్మం మీదికే ఉసిగొల్పుతున్నాయంట. యాక్షన్ అనేవాళ్లే గానీ, కట్ చెప్పేవాళ్లు లేరు."

ప్యాకప్ అయ్యాక ఆమె చేతుల మీది మసి తుడుస్తుంటే, దూదితోపాటు చర్మమూ ఊడొచ్చింది. నా చేయి ఆగిపోయింది.

"కానియ్ బాబాయ్, డైరెక్టర్ గారు చూస్తున్నారు," అంది నవ్వుతూ.

ఇప్పటికీ ఎవరికి మేకప్ తీసినా, ముందు దూదినే చూసుకుంటాను.