ఉత్త చేతుల వల

నెల్లూరు బస్సులో పక్కసీటాయన నా కండలు చూసి, "ఏం పని చేస్తావన్నా?" అని అడిగాడు.

"కంప్యూటర్ పని. సింగపూర్‌లో ఉంటాను. జిమ్ మాత్రం ఒక్కరోజూ మానను" అన్నాను గొప్పగా.

"నేనూ మానలేదన్నా. మా పడవ హద్దు దాటిందని పరాయి దేశం జైల్లో ఏడాది పెట్టినారు. చేతులు పని మరిచిపోతాయని, తెల్లారితే గోడకెదురుగా నిలబడి ఉత్త చేతుల్తో వల లాగతా ఉండినా."

"ఇప్పుడు వేటకి వెళ్తున్నారా?"

"మనుషుల్ని వదిలినారు, పడవని వదల్లా. వెంకటాచలంలో రొయ్యల కంపెనీ గేటు కాడ కాపలా కుర్చీలో కూర్చోనుండా."

దిగేదాకా అతని వేళ్లు ఒళ్లోని సంచి తాడును లాగుతూనే ఉన్నాయి.

మా జిమ్‌లో తాడు లాగే మెషీన్ ఒకటుంది. అన్నీ చేస్తాను, ఆ రోజు నుంచి దాని జోలికి మాత్రం పోను.