నూట ఎనిమిది పుల్ల ఐసులు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు పాపపుణ్యాల మీద గొప్ప పట్టు ఉందనుకునేవాణ్ణి. ముప్పై దాటాక ఆ పట్టు బాగా సడలింది గానీ, ఆ రోజుల్లో మాత్రం ఏ పని చేస్తే ఏ లోకానికి పోతారో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. దానికి కారణం మా రావల్కోల్ భజన మందిరం. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అవ్వ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టింది. చిరతలు కొట్టడం, పురాణం చదివే పెద్దాయనకు పేజీ తిప్పడం, తీర్థం గిన్నెలో తులసి దళం వేయడం, ఇవీ నా ఉద్యోగాలు. ఆ పెద్దాయనను ఊరంతా భజన తాత అనేది. పన్నెండో ఏట ఆయనే నా మెడలో తులసిమాల వేసి, "మందు ముట్టొద్దు, మాంసం ముట్టొద్దు, దాచిపెట్టొద్దు. మూడిట్ల ఏది తప్పినా నువ్వే తీసి నా చేతిల పెట్టాలె. నేను మాత్రం అడగ" అన్నాడు. అడుగుతానని చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! అడిగేవాడి దగ్గర తప్పించుకునే దారులు పది ఉంటాయి, అడగనివాడి దగ్గర ఒక్కటీ ఉండదు.

మందిరం వంటశాలలో ఇంకో నియమం ఉండేది. దేవుడికి పెట్టకముందు ఎవరూ రుచి చూడకూడదు. పులిహోరలో ఉప్పు సరిపోయిందో లేదో పిడికిలికీ ముక్కుకూ తెలియాలి తప్ప నాలుకకు తెలియకూడదు. (ఎక్కువైతే దేవుడే సర్దుకునేవాడు. ఆయన తర్వాత మేమందరం సర్దుకునేవాళ్లం.) అలా పదేళ్లు వండి నేను వాసనతోనే వంట చేయగలిగే మొనగాణ్ణయ్యాను. డిగ్రీ చదివి రెండేళ్లు ఊరికే తిరిగినవాడికి ఈ విద్య ఏ ఉద్యోగం ఇస్తుందని మా బాపు రోజూ అడిగేవాడు. ఇచ్చింది. శామీర్‌పేట చెరువు దాటి లోపలికి వెళ్తే మా ఊరి పటేల్‌కు మామిడి తోట, అందులో దావత్‌లకు అద్దెకిచ్చే ఒక ఫామ్‌హౌస్ ఉన్నాయి. అక్కడ సీసాల బీరువా తాళంచెవి ఎవరి చేతికిచ్చినా సీసాలు ఆవిరైపోతున్నాయట. పటేల్ నన్ను పిలిపించి మెడ వంక చూశాడు. "మాల ఉన్నది. ఇగ నువ్వే సరైనోనివి. తాళం నీ తాన ఉంచుకో, వంటింట్ల మాస్టరుకు సాయం చెయ్. ఎండకాలం మంచిగ జేస్తె పర్మినెంట్ జేస్త" అన్నాడు. మందు ముట్టనివాడు కాబట్టి మందు బీరువాకు కాపలా! ఆ ఉద్యోగం నాకెంత అవసరమంటే, అందులోని తమాషా నాకప్పుడు కనబడనే లేదు.

మే నెల మొదట్లో పటేల్ కొడుకు ఫోన్‌లో ఏదో చూసి వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. పెద్దవాళ్ల పుల్ల ఐసులట. నిమ్మరసంలోనో పుచ్చకాయ రసంలోనో మందు కలిపి అచ్చుల్లో గడ్డకట్టించి, పుల్ల పట్టుకుని చీకడమట. "వచ్చే ఆదివారం బాపు దావత్‌ల ఇవే పెడ్దాం, మస్తుంటది అన్నా. సగానికి సగం పొయ్యి" అని అతనే కొలత చెప్పి వెళ్లిపోయాడు. నేను బీరువా ముందు నిలబడి కాసేపు శాస్త్రవిచారం చేశాను. చేతులకు తొడుగులు వేసుకుని, గరిటెతో కొలిచి పోస్తే అది ముట్టినట్టు కాదు, గరిటె ముట్టినట్టు. ఈ ధర్మసూక్ష్మం నాకు చాలా నచ్చింది. అచ్చులు నింపి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, అప్పటి నుంచి కాలు నిలవక పది నిమిషాలకోసారి మూత తీసి చూడటం మొదలుపెట్టాను. పొద్దు గుంకినా అది జావలాగే ఉంది.

వంట మాస్టరు నన్ను పంతులూ అని పిలిచేవాడు. (నేను పంతుళ్ల ఇంట పుట్టలేదు. మాల వేసుకున్నవాళ్లందరూ ఆయనకు పంతుళ్లే.) "అరే పంతులూ, గుడ్ల మీద కోడి కూసున్నట్టు గా ఫ్రీజర్ మీదనే ఉంటివి. పదిసార్లు మూత తీస్తె గడ్డ యాడికెల్లి కడ్తది? అసలు మందుకు సలి తెల్వదు రా. ఎక్కువైతె జన్మల గడ్డకట్టది. ఆరు గిలాసల రసానికి ఒక్క గిలాస పొయ్యి."

మర్నాడు అలాగే పోశాను. రాయిలా గట్టిపడింది.

"రుచి జూడు" అన్నాడు మాస్టరు.

"నేను చూడ."

"మరి తీపి సరిపోయిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"వాసన జూసిన. సరిపోయింది."

ఆయన నన్ను జాలిగా చూసి, నా తరఫున తానే రుచి చూశాడు. సరిగ్గా తెలియలేదని ఇంకో నాలుగు చూశాడు.

దావత్‌కు ముందు రోజు శనివారం పొద్దున అచ్చులు నింపాను. పిల్లలకు ఉత్త నిమ్మ పానకంతో అరవై, పెద్దలకు మందు కలిపినవి నలభై ఎనిమిది. పెద్దవాటిలో ఒక్కో పుదీనా ఆకు నిలబడి కనిపించాలని పటేల్ కొడుకు ఆజ్ఞ. పుదీనా వాడిపోకుండా పళ్లెంలో పెట్టి తడిబట్ట కప్పాను. అప్పుడు నాకో మంచి ఆలోచన వచ్చింది. వారమంతా మందు వాసనలో గడిపాను కదా, కనీసం పిల్లల ఐసుల్లోనైనా తులసి దళం వేస్తే కొంత పుణ్యం జమ అవుతుందనిపించింది. పెరట్లో చెట్టు ఉంది. (ఆదివారం తులసి కోయకూడదు కాబట్టి శనివారమే కోశాను. ఇంత శాస్త్రం తెలిసినవాడు తర్వాత ఏం చేశాడో చూడండి.) అలవాటు కొద్దీ అష్టోత్తరం అందుకున్నాను. ఒక్కో నామానికి ఒక్కో దళం. కళ్లు సగం మూసుకుని, కొంచెం రాగం కూడా కలిపి, హాయిగా సాగిపోయాను. అరవయ్యో నామానికి పిల్లల అచ్చులు అయిపోయాయి. నామాలు ఇంకా నలభై ఎనిమిది ఉన్నాయి. అష్టోత్తరం మధ్యలో ఆపకూడదు. నాలుక ఆగలేదు, దాని వెంట చెయ్యీ ఆగలేదు. నూట ఎనిమిదో నామం దగ్గర సరిగ్గా చివరి అచ్చు నిండింది. ఎంత చక్కగా లెక్క సరిపోయిందో అని పొంగిపోయి, దండం పెట్టి, అన్నీ ఫ్రీజర్‌లో సర్దేశాను.

ఆదివారం పదకొండింటికి పెద్దల ట్రేలు బయటికి తీసి పళ్లేల్లో పేరుస్తుంటే, మూలన తడిబట్ట కింద ఏదో ఉన్నట్టనిపించి ఎత్తి చూశాను. పుదీనా. ఒక్క ఆకూ కదలలేదు. ఒక ఐసును వెలుతురుకు పెట్టి చూశాను. గాజులాంటి గడ్డలో, మందు మధ్యన, చిన్న తులసి దళం నిటారుగా నిలబడి నన్నే చూస్తోంది.

మాస్టరుకు చెప్పాను. "ఆకు ఆకే రా! ఎవడు జూస్తడు? జల్దీ పంపియ్" అన్నాడు. పటేల్‌కు చెప్పాలని వాకిలి దాకా వెళ్లాను, పర్మినెంట్ అన్న మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లాను, మళ్లీ వచ్చాను. అలా నేను వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతుండగానే పళ్లేలు నా పక్క నుంచే వెళ్లిపోయాయి.

మామిడి చెట్ల కింద నలభై ఎనిమిది మంది పెద్దమనుషులు, ప్లాట్లు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ, తలా ఒక పుల్ల పట్టుకున్నారు. అంతా సవ్యంగానే జరిగిపోయేదేమో. కానీ పటేల్ తల్లి, ఎనభై ఏళ్ల అవ్వ, మనవలను చూడాలని చెప్పకుండా ఊరి నుంచి వచ్చి కూర్చుంది. మనవరాలు పిల్లల ఐసు ఒకటి ఆమె చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "అయ్యో నా తండ్రీ, తులసి ఏసిన్రు!" అని కళ్లకద్దుకుంది. తర్వాత కొడుకు చేతిలోకి చూసింది. "నీ దాంట్ల గూడ తులసేనా బిడ్డా? ఏదీ, ఇటు దే." వాసన చూసింది. ముఖం మారిపోయింది. "ఇదేం వాసన రా?"

మాట చెట్టు నుంచి చెట్టుకు పాకింది. నలభై ఎనిమిది చేతులు నోటి దగ్గర ఆగిపోయాయి. తిందామంటే మందులో తులసి. పారేద్దామంటే తులసి కాళ్ల కింద పడుతుంది. పైన మే నెల ఎండ. ఐసులు కరిగి మణికట్ల మీదుగా మోచేతుల దాకా కారుతున్నాయి, ఇస్త్రీ చొక్కాల చేతులు తడిసిపోతున్నాయి, ఒక్కరూ కదలరు.

"నేను సగం తిన్ననే అవ్వా, గిప్పుడెట్ల?" అన్నాడొకాయన.

"ఆకు దాక పోయినవా?"

"ఇంక పోలే."

"ఐతె ఆడనే ఆగు."

నాగారం నుంచి వచ్చిన లావుపాటి ఆయన భోరుమన్నాడు. "నేను ఆకు గూడ మింగిన్నే!"

"ఐతె ఇయ్యాల్టి సంది బంద్ వెట్టు" అంది అవ్వ. (ఆయన మూడు నెలలు మానేశాడని విన్నాను. నాలుగో నెల సంగతి ఎవరూ చెప్పలేదు.)

"తులసి ఏసింది ఎవడ్రా?" అని పటేల్ అరిచాడు. "నేనే పటేలా" అని ముందుకొచ్చాను. అవ్వ నా మాల చూసి తగ్గింది. "భజనల పెరిగిన పోరనివి. నువ్వే చెప్పు బిడ్డా, దీన్నేం జెయ్యాలె? తినొచ్చా?" అంది. అందరూ నా వైపు తిరిగారు. పటేల్ కళ్లు ఏం చెప్పమంటున్నాయో నాకు అర్థమైంది. గడ్డకట్టాక దోషం లేదని ఒక్క మాటంటే చాలు. అప్పటికప్పుడు నాలుగు సంస్కృత ముక్కలు రాగంతో చదివినా అక్కడ కాదనగలిగేవాడు లేడు. ఉద్యోగం నా నాలుక చివరనే ఉంది. గొంతు సవరించుకున్నాను కూడా.

"తినొద్దు అవ్వా" అన్నాను. "పారెయ్యొద్దు. ఎవ్వరు తొక్కని చెట్టు మొదట్ల పెట్టాలె. తప్పు నాది. ముందుగాలనే తెలిసింది, చెప్పలే."

అవ్వ లేచి ముందు నడిచింది. ఆమె వెనక పటేల్, ఆయన వెనక పెద్దమనుషులందరూ వరుసగా, కారుతున్న పుల్లలను దీపాల్లా రెండు చేతుల్తో పట్టుకుని, కంచె మూలనున్న ముసలి మామిడి చెట్టు దాకా వెళ్లారు. అవ్వ "గోవిందా" అంటే అందరూ "గోవిందా" అన్నారు. మా మందిరంలో కూడా భజనకు అంత మంది ఎన్నడూ రాలేదు. (మరుసటి ఏడు ఆ చెట్టు విరగగాసిందని మాస్టరు చెప్పాడు. ఆ కాయలతో పచ్చడి పెడితే తానే ముందు రుచి చూశాడట.)

పటేల్ నన్ను తిట్టలేదు. చెయ్యి చాపి, "తాళంచెవి" అన్నాడు. ఇచ్చేశాను.

మిగిలిన రెండు పిల్లల ఐసులు స్టీలు క్యానులో వేసుకుని, బస్సు మారి, ఒంటిగంట దాటాక నేరుగా భజన తాత ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద విసనకర్రతో కూర్చున్నాడు. మాల తీసి ఆయన చేతిలో పెట్టి, ఆ తర్వాత అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"నామాలు మధ్యల ఆపినవా?"

"లే తాతా."

"తెలిసినంక ఎందుకు దాచినవ్?"

"నౌకరి పోతదని."

"గిప్పుడు ఉన్నదా నౌకరి?"

"పోయింది."

"మరి దేనికి దాచినవ్ రా?"

ఆయన విసనకర్ర పక్కన పెట్టి, మాలను తిరిగి నా మెడలో వేశాడు. "దాచింది రెండు గంటలే గద. తీసుకొచ్చి చేతిల వెట్టినవ్, చాలు." తర్వాత క్యాను వైపు చూశాడు. "అండ్లేంది?" ఐసులు ఎప్పుడో నీళ్లయిపోయాయి. ఆయన తులసి దళాలను కళ్లకద్దుకుని, నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు. "చక్కెర బాగ ఎక్కువైంది రా" అన్నాడు. పదేళ్లుగా వాసనతో వండుతున్న నాకు, నా వంట ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పిన మొదటి మనిషి ఆయనే.

ఇప్పుడు నాకు మేడ్చల్‌లో చిన్న ఐసుల దుకాణం ఉంది. నిమ్మ పుదీనా, మామిడికాయ కారం, పుచ్చకాయ అల్లం, అన్నీ పెద్దవాళ్ల దావత్‌ల తరహాలోనే చేస్తాను, మందు మాత్రం ఉండదు. చేసిన ప్రతి ట్రే ముందు దేవుడి పటం దగ్గరికి పోతుంది, ఆ తర్వాతే నా నోటికి. ఆకు వేసే ముందు ఇప్పుడు రెండుసార్లు వాసన చూస్తాను. అయినా మే నెల మధ్యాహ్నాల్లో ఫ్రీజర్ మూత తీసినప్పుడల్లా, వంటింటికీ వాకిలికీ మధ్య కాలు నిలవక తిరిగిన ఆ బక్క పిల్లవాడు గుర్తొస్తాడు. పోయి చెప్పరా, ఎలాగూ పోయే ఉద్యోగమే అని వాడికి చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. నేను కూడా మూత వేసి, ఒక ఐసు చీకి చూసుకుంటాను. భజన తాత పోయి మూడేళ్లయింది. చక్కెర ఇంకా ఎక్కువే.