నేను సులువు చేసిన పాటల పెట్టె

మదనపల్లెకూ కుప్పానికీ మధ్య, టెలిఫోను తీగలోంచి పాట లాగి ఇంట్లో మోగించిన మొదటి మొనగాణ్ణి నేనే. ఆ రోజు పుంగనూరులో మా వీధిలో ఆటోలు ఆగిపోయినాయి. జనం గోడలెక్కి చూసినారు.

కొంచెం ఆగండి. ఆగిన ఆటో ఒకటే, అదీ ఎదురింటాయన్ని దించడానికి. గోడెక్కింది పిల్లి. నేను మొదటివాణ్ణో, నూరో వాణ్ణో నాకే తెలీదు. పాట వచ్చిన మాట మాత్రం నిజం.

అప్పట్లో నాకు కుప్పంలో గుమాస్తా ఉద్యోగం. సోమవారం బస్సెక్కితే మళ్లీ శనివారం సాయంత్రానికే పుంగనూరులో ఇల్లు చేరేది. వారమంతా ఇంట్లో మా ఆమె ఒక్కతే. హాల్లో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని వీధిలోని ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. మిషను పక్కన గూట్లో ఒక టేప్ రికార్డరు. తొంభైల్లో తన కుట్టుకూలితో తనే కొనుక్కున్నది. గుడ్డ మీద నుంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపి, బొటనవేలితో నొక్కేది. పాటా, పెడలూ ఒకేసారి మొదలయ్యేవి.

నాకు ఆ ఏర్పాటు నచ్చలేదు. గూట్లో టేపు, మూలన రేడియో, బీరువా మీద సీడీ ప్లేయరు, నేలంతా వైర్లు. ఇంటికి కంప్యూటరూ, ఫోను తీగ మీద నెట్టు కనెక్షనూ వచ్చినాక, ఇవన్నీ ఎత్తేసి ఒక్కటే పెడతామని పూనుకున్నాను. టేప్ రికార్డరూ రేడియో సీడీ ప్లేయరూ మూటగట్టి మదనపల్లెలో తెలిసిన అంగడికి ఇచ్చేసి, బదులుగా ఒక ఆంప్లిఫయరూ నడుమెత్తు బాక్సులు రెండూ తెచ్చినాను. కంప్యూటరు వెనక నుంచి ఆంప్లిఫయరుకు ఒక్క వైరు. ఉన్న సీడీల్లోని పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినాను. అవి చాలవన్నట్టు, నెట్టులో పగలూ రాత్రీ పాడే రేడియోలు.

"సూడు మే, ఇంక దేన్నీ తిప్పే పనే లేదు. ఒక్క నొక్కు నొక్కితే సాలు" అన్నాను.

ఒక్క నొక్కు అన్నదీ నా కోతే. స్టెబిలైజరు వేయాలి. కంప్యూటరు లేచేదాకా కాచుకోవాలి. మోడెంలో లైట్లు నిలకడ పడాలి. ఆంప్లిఫయరు గుండీ సరైన చోటికి తిప్పాలి. ఆ తర్వాత గదా మౌసు పట్టుకునేది! ఆమె పట్టుకుంటే తెర మీది బాణం ఒక పక్కకు పారిపోయేది. జాకెట్టు కొలతలియ్యడానికి వచ్చినామె ఎదురుగానే, "దోసె తిప్పినట్టు తిప్పబాకమే" అని నవ్వినాను. వచ్చినామె కూడా నవ్వింది. మా ఆమె మౌసు వదిలేసి కుట్టుపని టేపు అందుకుని కొలతలు తీసుకుంది.

ఆ తర్వాతి శనివారం నేను బస్సు దిగి ఇంట్లోకి రాగానే, చేతులు కొంగుకు తుడుచుకుంటా, "ఒక పాట పెట్టకూడదా?" అంది. మా కాపురంలో ఆమె నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. ఆఫీసులో సరేసరి, నన్ను ఎవురూ ఏదీ అడగరు. పాట పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే, నాకేదో పెద్ద పదవి వచ్చినట్టుండింది.

మర్నాడు కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టినాను. పిల్లకాయలు వచ్చి చెడగొడతారని ఆమెతో చెప్పినాను. మా ఇంటికి ఏ పిల్లకాయలూ రారు. ఆమె నన్ను అడగాలని పెట్టినాను. ఆరు రోజులు ఆ ఇంట్లో పాట ఉండదని తెలిసే పెట్టినాను.

కొన్ని శనివారాలు అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది. నేనే పెట్టి, సౌండు పెంచేవాణ్ణి.

ఒక బుధవారం ఆఫీసుకు అనుకోకుండా సెలవొచ్చింది. మధ్యాహ్నానికే ఇల్లు చేరితే, తాళం. కిటికీలోంచి చూస్తే మిషను లేదు! అమ్మేసిందేమో అనుకున్నాను. అంతలో పక్కింటి నుంచి రేడియో పాట, దాని కింద నాకు బాగా తెలిసిన పెడలు చప్పుడు.

పక్కిల్లు పాలు పోసే ఆమెది. నాకంటే పెద్దది, అక్కా అంటాను. ఆమె వసారాలో మా మిషను, మిషను ముందు మా ఆమె, కిటికీలో రేడియో. మా ఆమె నన్ను చూసి పెడలు ఆపేసింది. మాట్లాడింది అక్కే.

"ఏమప్పా, ఈపొద్దే వచ్చినావే? శనివారం దాకా మాకు గడువుండాది గదా!"

"మిషను ఈడికి ఎట్ల వచ్చిందక్కా?"

"నడిచొచ్చిందప్పా. నేనో పక్క, మీ ఆమె ఇంకో పక్క పట్టుకుంటే నడవదా? సోమవారం నువ్వు బస్సెక్కినాక ఈడికి, శనివారం నువ్వు దిగేలోపల మీ ఇంటికి. నాకు నడుం పట్టేసింది. ఈ వారానికి నువ్వే మోయి."

నవ్వబోయినాను. మా ఆమె తాళంచెవి తీసుకుని లేచింది.

ఇంటికి వచ్చినాక మా ఆమెను అడిగినాను. "ఫోను చేసి పాస్‌వర్డు అడిగుంటే చెప్పనా?"

"చెప్తావు. చెప్పేటప్పుడు నవ్వుతావు. మీ ఆఫీసులో వాళ్లకు గూడా చెప్పి నవ్విస్తావు. దానికన్నా మిషను మోసేదే తేలిక."

ఆ సాయంత్రమే పాస్‌వర్డు తీసేసినాను. కరెంటు అందగానే కంప్యూటరు దానంతటదే లేచి, పాటల రేడియో పట్టుకునేటట్టు పెట్టినాను. ఆంప్లిఫయరు గుండీ కదలకుండా ప్లాస్టరు వేసినాను. అన్నిటికీ కలిపి, ఆమె మిషను ఉండే చోట, గోడకు ఒకటే స్విచ్చు. పావుగంట పని. ఇట్లా చేయొచ్చని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు.

ఆమె వచ్చి నొక్కింది. కాసేపటికి పాట వచ్చింది. అయిపోయేదాకా నిలబడి వినింది.

"బాగుండాది. ముందే ఇట్ల పెట్టుంటే సరిపోయేది" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"మిషను తెద్దామా?"

"సగం కుట్టిన గుడ్డలన్నీ ఆడనే ఉండాయి. సూద్దాంలే."

మర్నాడు పది గంటల బస్సుకని బయల్దేరి, వీధి మలుపులో ఆగినాను. మా ఇంట్లో పాట మోగుతుందేమోనని. మా తలుపుకు తాళం వేసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి పక్కింటి రేడియో, పెడలు. అక్క ఏదో అనింది. మా ఆమె పగలబడి నవ్వింది. అంత నవ్వు మా హాల్లో ఎప్పుడు విన్నానా అని గుర్తు చేసుకుంటా సంచీ పట్టుకుని నిలబడినాను. పోయి ఆమెను పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. పది గంటల బస్సు వెళ్లిపోయింది.