ఉంగరం తిరుగుతుందా

మెర్వ్ ట్రెజైస్ మనుషుల్ని పట్టుకుంటాడు. ఆస్ట్రేలియాలోని బస్సెల్టన్‌లో ఏటా డిసెంబరులో జరిగే పెద్ద ట్రయాథ్లాన్‌లో, ముగింపు గీత దాటినవాళ్లు కూలిపోకుండా చంకల కింద చేతులేసి ఆపడం ఆయన పని. జీతం లేదు, టీషర్టు ఇస్తారు. వృత్తికి ప్లంబరు. తాను పరిగెత్తినవి మాత్రం మారథాన్లే, ఇరవై మూడు. కాలిగోళ్లు ఎన్ని ఊడాయో ఆయనకే గుర్తులేదు.

భార్య కోరలీది బేకరీలో పని. యాభై దాటాక ఆమెకు ట్రయాథ్లాన్ పిచ్చి పట్టింది. సముద్రంలో జెట్టీ చుట్టూ ఈత, నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు, అదీ చాలక పూర్తి మారథాన్. ఒళ్లు దేనిలో ఎక్కువ హూనమవుతుందని మొగుడూ పెళ్లాలకు పదేళ్ల తగవు.

మారథాన్ మర్నాడు మెర్వ్ తొడల నొప్పికి మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. తన పోటీ మర్నాడు ఆమె తిన్నగా దిగి, రొట్టెలు కాల్చడానికి పోయేది.

"నీది సుత్తిదెబ్బ ముసలోడా. నాది ఆకురాయి. రోజంతా అరగదీస్తది."

"టకటకా దిగుతున్నావుగా! ఏం అరిగిందంట?"

"పైకి కనపడదయ్యా. మూడు వారాలు నిద్దర పట్టదు, తిండి సయించదు. అది నీకెట్టా తెలుస్తది?"

మెర్వ్ నమ్మలేదు. తొడలు పట్టేస్తేనే ఒళ్లు నలిగినట్టు. మంచివాడే, కానీ లోకాన్నంతా తన కాళ్లతోనే కొలిచే రకం.

ఒక ఏడాది ఆమె పోటీ రోజు మధ్యాహ్నం, పరిగెత్తేవాళ్లకు నీళ్లిచ్చే బల్ల దగ్గరా ఆయనే నిలబడ్డాడు. దాహం వేసేదాకా ఆగొద్దని, ప్రతి బల్ల దగ్గరా తాగమని కోరలీకి పొద్దున్నే చెప్పి పంపాడు. పరుగు నాలుగు చుట్లు. వచ్చినప్పుడల్లా రెండేసి కప్పులు అందించాడు.

మూడో చుట్టులో ఆమె ఆగింది. "కడుపులో నీళ్లు తొణుకుతున్నాయి. తలనొప్పి. ఈ ఉంగరం చూడు, ఎట్టా పట్టేసిందో."

"ముప్పై ఏళ్లైనా నీ వేలు నన్ను వదల్లేదే పిల్లా! తాగు, తాగు."

తాగింది. ఆయన మాట ఎప్పుడూ వినని మనిషి ఆ రోజు విన్నది.

సాయంత్రం గీత దాటి ఆయన చేతుల్లోనే పడింది. ఆయన ఇంకో సీసా నోటికి అందించాడు.

"మీరెవరండీ?" అంది కోరలీ.

ఆయన పకపకా నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు.

వైద్యుల డేరాలో తూకం వేస్తే పొద్దుటికన్నా రెండు కిలోలు ఎక్కువ తూగింది. డాక్టరు మెల్లగా చెప్పాడు. "మీలాగా మూడు గంటల్లో మారథాన్ ముగించేవాళ్లకు అంత తాగే తీరికుండదు. ఇక్కడ పన్నెండు గంటలు. నీళ్లెక్కువై రక్తంలో ఉప్పు పలచబడింది. వేళ్లే కాదు, మెదడూ వాచింది."

రెండో రోజు పొద్దున్న పోయింది. ఉంగరాన్ని నర్సు కత్తిరించి తీసింది.

ఊళ్లో ఒక్కరూ ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండునని ఆయన ఎన్నోసార్లు ఏడ్చాడు.

ఇప్పటికీ ఏటా గీత దగ్గర నిలబడతాడు. పోయిన డిసెంబరులో ఒకావిడ తూలుతూ వచ్చి ఆయన భుజం మీద వాలింది.

"నీళ్లు... కాసిని నీళ్లు."

మెర్వ్ ముందు ఆమె చెయ్యి అందుకున్నాడు. వేలి ఉంగరాన్ని మెల్లగా కదిపి చూశాడు. వదులుగా తిరిగింది.

"తిరుగుతోంది. ఈమెకు నీళ్లివ్వండి," అన్నాడు పక్కవాళ్లతో. సీసా ఆయన పక్కనే ఉంది. తన చేత్తో మాత్రం తియ్యలేదు.