మోచేతి వేటు

ఎనభైల్లో, అబుదాబి ఎడారిలోని రువైస్ క్యాంపు ఆసుపత్రిలో నేను నర్సుగా ఉన్న రోజుల్లో నన్ను బాగా విసిగించిన రోగి ఒక ఇటలీ ఇంజనీరు. రిఫైనరీ పనిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేసరికి అది కొయ్యబారిపోయింది. ఇక వంగదు, ఖలాస్ అనేశాడు డాక్టరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఎడం చేత్తో రాసుకోవచ్చుగా సార్, ఎందుకంత బెంగ?" అని కసిరాను.

"రాత కాదు సిస్టర్, కత్తి. ఇక నేను కత్తి పట్టలేను," అన్నాడు. చిన్నప్పట్నుంచీ కత్తిసామే ఆయన ప్రాణమట.

మెల్లగా మాటలు కలిశాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వాళ్ల తాత గుర్రపుదళానికి కత్తి నేర్పేవాడు. గుర్రం మీద బరువైన కత్తి తిప్పాలంటే మణికట్టు బిగించి మోచేతి నుంచి వెయ్యాలన్నది మిలాన్‌లో ఒక గురువు పద్ధతి, తాత నేర్చిందీ అదే. నేపుల్స్ వాళ్లు మణికట్టుతోనే వెయ్యాలన్నారు. ముక్కలుగా ఉన్న ఇటలీ ఒక దేశమయ్యాక సైన్యానికీ ఒకే పద్ధతి ఉండాలని సర్కారువారు నేపుల్స్ వాళ్లని ఎంచుకున్నారు. మిలాన్ గురువు అప్పటికే పోయాడు. తాతలాంటి వాళ్లని రోముకి పిలిపించి, వచ్చిన విద్య మరిచిపోయి కొత్తది నేర్చుకోమన్నారు. పిల్లలుగలవాడు, తలొంచుకుని నేర్చుకున్నాడు. తర్వాత సైన్యం మళ్లీ మోచేతి దగ్గరికే వచ్చింది గానీ అప్పటికి ఆయన ఉద్యోగం అయిపోయింది. వింటుంటే ఆ తాత మీద నాకు ఎంతో జాలేసింది.

"తాత నాకూ నేర్పబోయాడు. నాది తేలిక కత్తి, వేళ్లతో ఆడే ఆట. మోచేతిది పాతకాలపు వేటు అని నవ్వాను," అన్నాడు.

"మణికట్టు బిగించమన్నాడా మీ తాత? మీది దేవుడే బిగించేశాడు. లేవండి!" అన్నాను.

మగవాళ్లకి ఉన్నది ఒక్కటే వార్డు. పక్క మంచం మీద కాలికి కట్టుతో కరీంనగర్ వైపు మేస్త్రీ ఒకతను మమ్మల్నే చూస్తున్నాడు. "అక్కా, నా చంకకర్ర ఒకటి ఆయనకియ్యి. మా ఊర్ల పీర్ల పండుగకు కట్టె తిప్పినోన్ని, నేను ఆడుత," అన్నాడు.

మంచం అంచున కూర్చుని కర్రని కళ్లకద్దుకున్నాడు మేస్త్రీ. ఇంజనీరు కుడిచేత్తో తన కర్రని కత్తివందనంలా మొహం దగ్గరికెత్తి దించాడు. మొదటి వేటు గాలికిపోయింది. రెండోది మోచేతి నుంచి గుండ్రంగా తిరిగొచ్చి మేస్త్రీ కర్రమీద ఠంగుమంది.

"వారీ!" అన్నాడు మేస్త్రీ.

ఇంజనీరు మాత్రం కర్ర దించకుండా తన భాషలో ఏదో గొణిగాడు. ఏమన్నారని అడిగాను.

"తాతా, ఇంకొక్కసారి చూపించు అన్నాను," అన్నాడు.