విల్ఫ్ మౌన్సీ తన కుక్కను రెండుసార్లు ఇచ్చాడు

విల్ఫ్ మౌన్సీ ఇంగ్లండ్ ఉత్తరాన కంబ్రియా కొండల్లోని పలకరాయి గనిలో నలభై ఏళ్ళు రాళ్ళు చీల్చాడు. ఆ సంగతి ఎవరికీ పట్టదు. లోయలో ఎవరినడిగినా అతన్ని కుక్కల విల్ఫ్ అనే చెబుతారు. గొర్రెలు ఈనే రోజుల్లో నక్క పడిందంటే ముందు కబురు వెళ్ళేది అతనికే.

1974 ఏప్రిల్‌లో జాసీ రెల్ఫ్ మందలో పదకొండు గొర్రెపిల్లలు చచ్చాయి. కొన్నిటికి తలలు లేవు. విల్ఫ్ బొరియల్లో దూరి వేటాడే తన టెర్రియర్ కుక్క వాస్ప్‌ను చంకలో పెట్టుకుని కొండెక్కి, బండరాళ్ళ గుట్ట దగ్గర దింపాడు. పిల్లి కంటే కొంచెం పెద్దది, నల్లటి ఆడకుక్క, ఒక చెవి సగమే ఉంది. సందులోకి దూరింది. కాసేపు మొరిగి ఆగిపోయింది. రెండు గంటలు చూసి, జాసీ మనుషులు గడ్డపారలతో బండలు జరిపారు. ఆడనక్క గొంతు వాస్ప్ నోట్లో ఉంది. వాస్ప్ కింది పెదవి చిరిగి వేలాడుతోంది. నక్క ఎప్పుడో చచ్చిపోయింది, అయినా వదల్లేదు. విల్ఫ్ మెడపట్టీలో వేళ్ళు దూర్చి, ఊపిరాడకుండా మెలిపెడితే గాని దవడలు తెరుచుకోలేదు.

దాన్ని అలా తయారుచేసింది అతనే. నాలుగు నెలల పిల్లగా ఉన్నప్పుడు బతికున్న ఎలుకను గోనెసంచిలో కట్టి దాని ముందు పడేసేవాడు. గుడ్డలో ఏదో కదిలి కీచుమంటుంది. దాన్ని కరిచి, అరుపు ఆగేదాకా విదిలించాలి. ఆగితే మాంసం ముక్క. విల్ఫ్ తండ్రి నేర్పిన పద్ధతి అది. లోయలో అందరూ చేసేదే. విల్ఫ్ మాత్రం వాస్ప్ చురుకు చూసి ముచ్చటపడి, మిగతా కుక్కలకు నెల రోజులు చేసేది దానికి ఆరు నెలలు చేశాడు.

అతని కొడుకు కాలిన్, కోడలు బ్రెండా, పద్నాలుగు నెలల మనవడు కీత్ ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళు. మే నెలలో ఒక ఆదివారం, భోజనాలయ్యాక, కీత్ తాతగారి కుర్చీ మీది కంబళి లాగి నెత్తిన వేసుకున్నాడు. లోపలి నుంచి సన్నగా కేరింతలు కొడుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. బల్ల కింద నుంచి వాస్ప్ వచ్చింది. గుర్రుమనలేదు, పళ్ళు చూపించలేదు. కంబళితో సహా పిల్లాడి భుజం పట్టుకుని, సంచిలో ఎలుకను విదిలించినట్టే విదిలించింది.

కాలిన్ కుక్క వెనక కాళ్ళు పట్టి లాగబోయాడు. లాగితే కండ ఊడి వస్తుందని విల్ఫ్‌కు తెలుసు. కొడుకును గుండెల మీద తన్ని పడేసి, మెడపట్టీ మెలిపెట్టాడు. కంబళి తడిసిపోయింది. ఆస్పత్రిలో పద్దెనిమిది కుట్లు వేశారు.

ఆ రాత్రి బ్రెండా అరవలేదు. కుక్క ఉన్న కప్పు కింద తన బిడ్డ ఉండడని మాత్రం చెప్పింది. కాల్చేస్తానన్నాడు కాలిన్. పనిచేసే కుక్కను కాలుస్తారా అని విల్ఫ్ కొడుకుతో మాటలు మానేశాడు. మర్నాడే పక్క లోయకు, ఆమోస్ బర్కెట్ దగ్గరకు వెళ్ళాడు.

ఆ లోయల్లో టెర్రియర్‌ను అమ్మరు, చేతికిస్తారు. తీసుకునేవాడు మూడు ప్రశ్నలు అడుగుతాడు. బొరియలో దూరుతుందా, నక్కకు ఎదురు నిలబడుతుందా, పిలిస్తే వస్తుందా. అంతకు మించి అడిగితే ఇచ్చేవాడికి అవమానం. అంతకు మించి చెబితే, ఇవ్వడం ఇష్టంలేక సాకులు వెతుకుతున్నాడని తీసుకునేవాడికి కోపం. ఆమోస్ మూడూ అడిగాడు. విల్ఫ్ మూడింటికీ అవునన్నాడు. చేతులు కలుపుకున్నారు.

మూడు రోజుల తర్వాత, గురువారం పొద్దున, కీత్‌కు కట్టు మార్పించి వస్తూనే బ్రెండా మామగారి ఎదుట నిలబడింది.

"ఆస్పత్రిలో ఆమోస్ కూతురు మేరియన్‌ను చూశాను. పిల్లలిద్దర్నీ తీసుకుని పుట్టింటికొచ్చి వారమైందట. మనవాడి సంగతి ఆమోస్‌కు చెప్పారా, మావయ్యా?"

"అడగలేదమ్మా."

"మీవాళ్ళు అడగరు. అది మీకు తెలుసు."

పిల్లాణ్ణి కాలిన్ చేతిలో పెట్టి, మామగారిని ఎక్కించుకుని ఆమే వ్యాన్ తీసింది.

ఆమోస్ పెరట్లో మేరియన్ దుప్పట్లు ఉతికి తాళ్ళ మీద ఆరేసింది. మూడేళ్ళ కూతురు తడి దుప్పటి చుట్టుకుని దాక్కుని, దొరక్కుండా కిలకిలలాడుతోంది. విల్ఫ్ వ్యాన్ దిగేసరికి కొట్టంలోంచి వాస్ప్ వస్తోంది, మెడకు కొరికిన తాడు ముక్కతో. పిలిస్తే వస్తుందని చెప్పింది తనే. కానీ గుడ్డలో కీచుమనే శబ్దం వింటే ఎవరు పిలిచినా రాదని కూడా తనకే తెలుసు. అరవైరెండేళ్ళ మనిషి పరుగెత్తి, దుప్పటికీ కుక్కకీ మధ్య ఎడమ చెయ్యి జొనిపాడు.

పళ్ళు ఎముకకు తగిలాయి. వాస్ప్ విదిలించింది. ఆమోస్ పార తీసుకుని దాని వీపు మీద కొట్టాడు. కొట్టినకొద్దీ పళ్ళు లోపలికి దిగాయి.

"కొట్టకురా, కొడితే బిగుస్తుంది," అన్నాడు విల్ఫ్, కుడిచేత్తో పట్టీ మెలిపెడుతూ.

కుక్క స్పృహ తప్పి పడిపోయాక వదిలింది. విల్ఫ్ ఎడమచేతి రెండు వేళ్ళు మళ్ళీ ఎప్పుడూ ముడుచుకోలేదు. దుప్పటి మీద రక్తం చూసి మేరియన్ పిల్లను ఒళ్ళంతా తడిమింది. పిల్లకు గీత కూడా పడలేదు.

"మా మనవణ్ణి కరిచింది," అన్నాడు విల్ఫ్. "నీకు చెప్పకుండా ఇచ్చాను."

"మూడు రోజులుగా ఈ పిల్ల దాని నోటికి రొట్టె అందిస్తోందిరా."

ఆమోస్ పిడికిలితో అతని మూతి మీద కొట్టాడు. విల్ఫ్ కిందపడ్డాడు గాని చెయ్యెత్తలేదు. ఆమోస్ తుపాకి కోసం లోపలికి వెళ్ళబోతే, బ్రెండా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కుక్కను చంపేస్తే ఈయనకు సులువైపోతుంది. ఏం నేర్పాడో, అది ఏం చేసిందో ప్రతి గుమ్మంలో చెప్పుకుని మరీ ఇస్తాడు. నేను పక్కనుండి వింటాను."

చెప్పించింది. రెండు ఇళ్ళలో విల్ఫ్ చేతి కట్టు విప్పి చూపి, సంచి దగ్గర్నుంచి మొదలుపెట్టి దుప్పటి దాకా చెప్పాడు. ఒక ఇంట్లో తలుపేసుకున్నారు. రెండో ఇంట్లో నవ్వారు. మౌన్సీ తన కుక్క మీద తనే చాడీలు చెప్పుకుంటున్నాడని సారాసావిట్లో చాలా రోజులు చెప్పుకున్నారు. మూడోది సముద్రం వైపు పిండిమర. హానా టైసన్ అనే డెబ్భై ఏళ్ళ ఆవిడ ఒంటరిగా నడిపేది. పెరటి చుట్టూ నిలువెత్తు గోడ. ఆవిడ అంతా వింది. ఆ గోడ లోపలికి పిల్లలు వచ్చి పాతికేళ్ళయిందని, ఇకమీదట కూడా రానివ్వనని చెప్పి, వాళ్ళను మరలోకి తీసుకెళ్ళి ధాన్యం బస్తా ఒకటి పక్కకు లాగింది. నేలంతా ఎలుకలు. వాస్ప్ తాడు తెంచుకున్నంత పని చేసింది. వదిలాక ఒక్కో ఎలుకకు ఒక్కో విదిలింపు, వెన్ను విరిగిన చప్పుడు, మళ్ళీ ఇంకొకటి. గోడ వారన ముప్ఫై పడేదాకా హానా కదలకుండా చూసింది.

"ఉంచుకుంటాను. నువ్వు మాత్రం మళ్ళీ రాకు. నీ గొంతు వింటే ఎంత గోడైనా దూకుతుంది."

విల్ఫ్ తల ఊపాడు. ఏమీ అనకుండా, పిలవకుండా, వెనక్కి నడిచి బయటికొచ్చాడు. హానా లోపలి నుంచి గడియ పెట్టుకుంది. బ్రెండా వ్యాన్ తీసేలోపు, కీచుమనే అరుపులు ఒక్కొక్కటే ఆగిపోవడం రోడ్డు మీదకు వినబడింది.