విరిస్తే పసుపు పాలు

2003 నవంబరులో నన్ను కొలకలూరుకు వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. మండల అధికారి కింద పనిచేస్తూ, పొలాల వెంట తిరిగి రైతులకు సలహాలు చెప్పడం నా పని. చెప్పడమంటే నాకు మహా సరదా. వినడం తరవాత నేర్చుకున్నాను.

మినుము చల్లే రోజుల్లో రత్తమ్మ అనే రైతు తన కాలవగట్టు మీద మొక్క ఒకటి చూపించింది. నేలకు పరుచుకున్న ముళ్ల ఆకులు, వాటి మీద తెల్లటి ఈనెలు. పువ్వింకా రాలేదు.

"ఇదేంటి సార్, పీకెయ్యమంటారా?" అంది.

మా నాయనమ్మ నోట విన్న పేరు తటాలున చెప్పేశాను. బ్రహ్మదండి, మందు మొక్క, ఉంచమన్నాను. సంక్రాంతి దాటాక పసుపుపచ్చ పూలు పూస్తే నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏప్రిల్లో ముళ్లకాయలు ఎండి పగిలాయి. రత్తమ్మ గింజలు దులిపి డబ్బాలో పోసుకుని, తెనాలి మూలికల కొట్టులో చూపించమని నాకో మొక్క ఇచ్చింది. కొట్టు మస్తాన్ సాహెబుగారిది. ఆయన ఇంకా పచ్చిగా ఉన్న మొదలు దగ్గర విరిచారు. పసుపు రంగు పాలు కారాయి.

"మేం కొనే బ్రహ్మదండికి నీలంగా గుండ్రటి పూలొస్తాయండి. పాలుండవు. దీన్నీ కొందరు ఆ పేరుతోనే పిలుస్తారు గానీ, ఇది బలురక్కసి. దీని గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. నూరి తింటే కాళ్లు వాస్తాయి, గుండెకే ముప్పు. గింజలెక్కడున్నాయి సార్?" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఆవకాయల కాలం. స్కూటరు మీద కొలకలూరు చేరేసరికి రత్తమ్మ కోడలు ఆవాలు ఎండబోస్తోంది. డబ్బాలోవీ ఆవాలేననుకుని వాటిలోనే కలిపేసింది. మర్నాడు పిండి కొట్టాలి. చాటలోంచి చిటికెడు తీసి చూశాను. ఆవగింజ నున్నగా ఉంది, రెండోది గరుకుగా ఉంది. వేరు చేయడం మా వల్ల కాలేదు. తప్పు నాదేనని చెప్పాను. రత్తమ్మ మొత్తం పెరట్లో తగలబెట్టేసింది.

"తెలీకపోతే తెలీదనాల్సింది సార్. నేనప్పుడే పీకేసేదాన్ని," అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

కొత్త ఆవాలతో పెట్టిన ఆవకాయ సాహెబుగారికో జాడీ, నాకో జాడీ పంపింది. ఆ ఇద్దరికీ నేను రుణపడే ఉన్నాను. తరవాత బాపట్లలో, రేపల్లెలో పనిచేసినన్నాళ్లూ, ఏ కాలంలో ఎవరు ముళ్ల మొక్క చూపించినా ముందు కాడ విరిచేవాణ్ని. పేరు ఆ తరవాతే చెప్పేవాణ్ని. కొన్నిసార్లు తెలియదనేవాణ్ని.